తిప్పన్నా, తొట్టిబండీ

ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే తిప్పన్నకు ఒక అలవాటు ఉండేది. పని ముగించి, చేతులు కడుక్కుని, ఇంటివాళ్ళు ఇచ్చిన మజ్జిగ తాగి సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చేవాడు. ఎవరూ పిలిచేవారు కాదు. స్పానర్ తీసి బోల్టులన్నీ ఒక్కొక్కటే పట్టి చూసేవాడు. ఒక్కటీ వదులుగా ఉండేది కాదు. అయినా చూసేవాడు.

పల్లెల్లో ఇదొక తమాషా. "ఇంజన్ బాగయిందా మామా?" అని ఒకడడిగితే, "యాడప్పా, తిప్పన్న ఇంకా రెండోతూరి రాలేదు" అనేవాడు ఇంకొకడు.

నేను స్టేషన్ రోడ్డులో లేత్ మిషన్ పెట్టుకుని బతికినవాణ్ణి. తిప్పన్నకు కావలసిన బుష్‌లూ పిన్నులూ ముప్పై ఏళ్ళు నా లేత్ మీదే తయారయ్యాయి. అతడికి ఆ అలవాటు ఏ రోజు అంటుకుందో నాకు తెలుసు. అంతకుముందు అతడు ఒకసారి బిగించిన బోల్టును మళ్ళీ తాకేవాడు కాదు.

తిప్పన్నది కంబదూరు పక్క పల్లె. మూడో తరగతితో బడి అయిపోయింది. ఊళ్ళోకి మొదటి ఆయిల్ ఇంజన్ వచ్చినప్పుడు, దాన్ని బిగించడానికి వచ్చిన మనిషి పక్కన నాలుగు రోజులు కూర్చున్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆర్నెల్లకు ఆ ఇంజన్ మొండికేస్తే తనే విప్పాడు. విప్పినవన్నీ విప్పిన వరసలో గోనెపట్టా మీద పరిచి, అదే వరసలో వెనక్కి పెట్టాడు. ఇంజన్ నడిచింది. ఆ తర్వాత ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. నోటితో ఇంజన్లు బాగుచేసే మనుషులంటే అతడికి పడదు. "నోరు మూసుకుంటే ఇంజనే చెప్తాది" అనేవాడు.

పెళ్ళయ్యాక ధర్మవరం వచ్చేశాడు. భార్య ఓబులమ్మ మగ్గాల ఇళ్ళకు పట్టు కండెలు చుట్టేది. కండెల దగ్గర తెగిపోయిన పోగులు దండిగా మిగిలేవి. వాటిని ఉండ చుట్టి ఇంటికి తెచ్చేది. మిగతా మెకానిక్కులు పాత బనియన్లతో ఇంజన్లు తుడిస్తే తిప్పన్న పట్టుతో తుడిచేవాడు. పట్టు నూనెను పీల్చుకుంటుంది, ఇనుము మీద గీత పడనివ్వదు. అది అతడి గర్వం.

ఇక బండి సంగతి. వెంకటరాముడు శెట్టి ముడిపట్టు వ్యాపారి. పట్టు కోసం బెంగళూరు వెళ్ళేవాడు. 1956లో, ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఆ బండి కొన్నాడు. ఎం.జి. అనే రకం. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, దానికి అటూ ఇటూ కప్పకళ్ళలాంటి లైట్లు. పైకప్పు లేదు, కావాలంటే గుడ్డ లాక్కోవాలి. కుంకుమ రంగు. ఊరు దానికి తొట్టిబండి అని పేరు పెట్టింది. శెట్టి దాంట్లో కూర్చుంటే తలంటుకోవడానికి కూర్చున్నట్టే ఉండేది. ఆయన ఆ మాటకు కోప్పడేవాడు కాదు. ఆదివారాలు చిగిచెర్ల దాకా ఒక్కడే వేగంగా పోయి వచ్చేవాడు.

ఊళ్ళో ఆ బండి మీద చెయ్యి వేసే ధైర్యం తిప్పన్న ఒక్కడికే ఉండేది. 1964 ఆగస్టులో దాని ఆయిల్ చాంబర్ కారడం మొదలైంది. ఇంజన్ అడుగున నూనె నిలవుండే తొట్టె అది. తిప్పన్న దాన్ని దించాడు, పాత ప్యాకింగ్ గీకేశాడు, లోపలా బయటా తుడిచాడు, కొత్త ప్యాకింగ్ వేసి ఎక్కించాడు. మర్నాడు శెట్టి అనంతపురం బయల్దేరాడు. చిగిచెర్ల దాటాక ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడై బండి ఆగిపోయింది. ఎద్దుల జతను కట్టి ఇంటికి లాక్కొచ్చారు.

తిప్పన్న పరుగెత్తుకుంటూ వెళ్ళాడు. శెట్టి పడక్కుర్చీలో ఉన్నాడు. "పోనీలే తిప్పన్నా, మల్ల చూస్తాంలే" అన్నాడు. అంతే. అది ఓదార్పో, ఇంక ఈ బండి జోలికి రావద్దని చెప్పడమో తిప్పన్నకు తెలియలేదు. అడగలేదు. నెల తిరక్కముందే శెట్టి గుండె ఆగి చనిపోయాడు. బండిని ఇంటి వెనక కొట్టంలోకి తోసి, ముందర వేరుశనగ మూటలు పేర్చారు.

ఊరు రెండు మాటలు పట్టుకుంది. తిప్పన్న చెయ్యి పడి బండి పోయింది అని సగం మంది. శెట్టి ఆ పొద్దు ఏదో కోపంలో ఉన్నాడు, తరిమి తరిమి పగలగొట్టుకున్నాడు అని సగం మంది. ఏది నిజమో ఇంజన్ లోపల ఉంది. ఇంజన్ కొట్టంలో ఉంది. తిప్పన్న అడిగి లోపలికి వెళ్ళే మనిషి కాదు. ఆ ఇంటివాళ్ళు పిలవలేదు. అప్పటినుంచి అతడు చేసిన ప్రతి పని దగ్గరికీ మర్నాడు మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాడు.

అలా పద్దెనిమిదేళ్ళు గడిచాయి.

1982లో సంక్రాంతి వెళ్ళిన వారానికి నా షెడ్డు ముందు సైకిల్ పడేసి లోపలికి వచ్చాడు. ఆ కాలంలో అతడికి పని తక్కువ. వరసగా వానలు లేక బావులు అడుగంటాయి. నీళ్ళు లేని బావికి ఇంజన్ బాగుచేయించేవాడు ఎవడు? వచ్చినవాడు కూర్చోలేదు. లేత్ చుట్టూ తిరుగుతూ నా పనిముట్లను ఒకచోట నుంచి ఇంకొకచోట పెడుతున్నాడు.

"బాలప్పా, తొట్టిబండిని కోసేస్తారంట."

"ఎవరు చెప్పినారు?"

"గుంతకల్లు నుంచి పాత ఇనుము ఆయప్ప వచ్చి చూసిపోయినాడంట. గ్యాసు కట్టర్ తెస్తాడంట."

"పోనీ. పీడ పోతాది నీకు."

"ఎట్ల పోతాది? కోసినాక ఎవురు చెప్పల్ల నాకు?"

ఆ సాయంత్రమే శెట్టి కొడుకు సోమశేఖర్ దుకాణానికి వెళ్ళాం. నేను తోడు మాత్రమే. సోమశేఖర్ వాళ్ళ నాయన పోయినప్పుడు కాలేజీలో ఉన్నాడు. ఇప్పుడు వ్యాపారమంతా అతడిదే. ఆ కొట్టంలో పట్టుకు పురి వేసే మిషన్లు దింపుతున్నాడు.

"సావుకారూ, కోసేముందు నన్నొకసారి దాన్ని విప్పనీయి" అన్నాడు తిప్పన్న.

"విప్పి?"

"చూస్తా."

"చూసి ఏం చేస్తావప్పా?"

తిప్పన్న చూడడానికి మాత్రమే వెళ్ళాడు. ఆ ప్రశ్నకు జవాబు ఇంటి దగ్గర అనుకుని రాలేదు. "నడిపిస్తా" అనేశాడు.

సోమశేఖర్ నవ్వాడు. "నిలిపిన చెయ్యే నడిపిస్తాదా?"

దుకాణంలో కూర్చున్న ఇద్దరు నేతవాళ్ళు తలలు దించుకున్నారు. తిప్పన్న కదల్లేదు. సోమశేఖర్‌కే ఏమనిపించిందో, గొంతు తగ్గించాడు. "సరే తిప్పన్నా. ఉగాది పొద్దుటికి అది సొంతంగా వీధిలోకి రావల్ల. వచ్చిందా, వేరే చోటు చూసి పెట్టిస్తా. రాలేదా, గుంతకల్లుకే."

మూటలు జరిపి చూస్తే బండి మట్టిరంగులో ఉంది. బానెట్ మీద మాత్రం పసుపూ కుంకుమా పొరలు పొరలుగా అట్టకట్టి ఉన్నాయి. ఏటా ఆయుధపూజకు శెట్టి భార్య కన్యకమ్మ దానికి పూజ చేసేదట. ఎం.జి. బండికి పైన రేకే గానీ లోపల అస్థిపంజరం చెక్క. ఆ చెక్కను చెదలు తినేశాయి. తలుపు తీయబోతే తలుపు చేతికి వచ్చింది. ఎలుకలు సీట్లలో కాపురం పెట్టాయి. ఇంజన్ మొత్తం బిగుసుకుపోయి ఉంది. ముందు హ్యాండిల్ పెట్టి ఇద్దరం వేలాడినా వెంట్రుకవాసి తిరగలేదు.

ఒక్క విచిత్రం. పద్దెనిమిదేళ్ళు ముట్టని ప్లగ్గులు తుప్పు పట్టి విరగాలి. అవి నిన్న పెట్టినట్టు సులువుగా ఊడివచ్చాయి. తిప్పన్న వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కింద చాంబర్ విప్పు. ఒక్క గంటలో తెలిసిపోతాది" అన్నాను.

"ముందు పిస్టన్లు వదలనీ."

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

అతడు ప్లగ్గులను గోనెపట్టా మీద వరసగా పెట్టాడు. "తప్పు నాదేనని తెలిసినాక చెయ్యి ఆడకపోతే? బండి అట్లే కొట్టంలో ఉండిపోతాది. ఉగాది వస్తాది."

ఏ సంగతి కోసం పద్దెనిమిదేళ్ళు నిద్ర చెడగొట్టుకున్నాడో, దానికి జానెడు దూరంలో కూర్చుని పైపైన తిరగడం మొదలుపెట్టాడు. ప్లగ్గుల రంధ్రాల్లో కిరసనాయిలు పోశాడు. రెండు రోజులు ఆగి హ్యాండిల్ తిప్పాడు. కదల్లేదు. డీజిల్ పోశాడు. కదల్లేదు. రెండూ కలిపి, వేడి చేసి పోశాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కొట్టానికి వెళ్ళి హ్యాండిల్ పట్టి చూసేవాడు. అన్నం ముందు కూర్చుని లేచి వచ్చేస్తున్నాడని ఓబులమ్మ నాతో మొరపెట్టుకుంది. మూడు వారాలు పోయాయి.

ఈలోగా చెక్కపని మగ్గాలు చేసే యేసన్న చేతిలో పెట్టాం. అతడికి మోటార్లు తెలియవు. చెదలు తిన్న ప్రతి ముక్క వంపునూ దారంతో కొలిచి, ఆ దారానికి ముడులు వేసి ఇంటికి పట్టుకుపోయేవాడు. తెచ్చిన ముక్క ఒక్కసారికే అతికేది. అతడు గీసిన చోట మళ్ళీ గీయడం నేను చూడలేదు. తిప్పన్న అతడి పనిని నిలబడి చూసేవాడు. అది అతడు చేయగలిగిన పెద్ద మర్యాద.

ఒక రోజు తిప్పన్న రంధ్రాల్లో మళ్ళీ కిరసనాయిలు పోస్తుంటే కన్యకమ్మ వాకిట్లోంచి వచ్చి నిలబడింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి.

"దినామూ ఏం పోస్తాండావు తిప్పన్నా దాంట్లో?"

"కిరసనాయిలు శెట్టెమ్మా. లోపల పట్టేసింది. అది కరగల్ల."

"కిరసనాయిలుకు ఆముదం కరుగుతాదా?"

తిప్పన్న చేతిలో డబ్బా ఆగింది. "ఆముదమేంది శెట్టెమ్మా?"

కొడుకు దగ్గరలో లేడని చూసుకుంది. "నవ్వుకోవద్దు. ఆయప్ప బెంగళూరు పోయేటప్పుడు ఆ మేకులు నాలుగూ తీసి బొక్కల్లో ఇంతింత నూనె పోసేవాడు, ఇనుము తుప్పు పట్టదని. ఏం నూనో నాకేం తెలుసు? ఇంట్లో ఉండేది ఆముదం. ప్రతి ఆయుధపూజకూ ఉగ్గుగిన్నెతో ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్కటి పోసి మూసేదాన్ని. మొన్న దసరాకూ పోసినా."

పసిపిల్లల నోట్లో ఆముదం పోసే ఉగ్గుగిన్నె. పద్దెనిమిది ఆయుధపూజలు. ఆముదం ఎండి ఎండి జిగురై పిస్టన్లను గోడలకు అంటించేసింది. ఆముదానికీ కిరసనాయిలుకూ పొత్తు కుదరదు. మూడు వారాలు మేం దాని మీద నీళ్ళు చల్లినట్టే చేశాం.

"ముందే చెప్పింటే బాగుండు గదా శెట్టెమ్మా" అన్నాను నేను.

"మీరు అడిగితిరా?" అంది ఆమె.

తిప్పన్న డబ్బా కింద పెట్టాడు. ఆమె పోదామని తిరిగి, మళ్ళీ ఆగింది.

"ఆ పొద్దు నన్ను కూడా రమ్మన్నాడు, అనంతపురానికి. నలుగురూ చూస్తారు, ఆ తొట్టిలో నేను కూకోనంటి. ఎనిమిదేండ్లుగా అదే మాట అంటాండా. ఆ పొద్దు ఆయప్పకు కోపం వచ్చింది. మాట్లాడకుండా తోలుకోని పోయినాడు. నేను ఎక్కింటే అంత జోరుగా తోలేవాడు కాదు. బండీ పోయుండదు. ఆయప్పా అట్ల దిగులు పడుండడు." బానెట్ మీది కుంకుమను వేలితో ముట్టింది. "అందుకే నూనె పోసేది."

ఆమె లోపలికి వెళ్ళాక నేను తిప్పన్న భుజం మీద చెయ్యి వేశాను. "ఇంకేమప్పా. శెట్టెమ్మే చెప్పె గదా, ఆయప్ప తరిమినాడని. నీ మీద మాట పోయింది."

"ఆయమ్మ చెప్పింది మాట" అన్నాడు. "నాకు ఇనుము చెప్పల్ల."

ఆముదం స్పిరిట్‌కు లొంగుతుంది. యేసన్న దగ్గర చెక్కకు పాలిష్ పెట్టే స్పిరిట్ రెండు సీసాలుంటే తెచ్చాం. పోసి, ఇంజన్ చుట్టూ వేడినీళ్ళలో తడిపిన గోనెలు కప్పాం. మర్నాడు మధ్యాహ్నం హ్యాండిల్ బొటనవేలంత జరిగింది. ఇంకో రెండు రోజులకు మొత్తం ఒక చుట్టు తిరిగింది. పైన హెడ్ ఎత్తి చూస్తే సిలిండర్ల గోడలు అద్దాల్లా ఉన్నాయి. తుప్పు మరక ఒక్కటి లేదు. మెకానిక్కులెవరూ చేయలేని పని ఆ ఉగ్గుగిన్నె చేసింది.

ఇక చాంబర్ ఒక్కటే మిగిలింది.

తిప్పన్న బండి కింద పడుకుని బోల్టులు ఒక్కొక్కటే విప్పి, వరసగా గోనెపట్టా మీద పెట్టాడు. చాంబర్ దించి బయటికి జరిపాడు. లోపల పాకంలా చిక్కటి జిగురు. నూనెను పైకి పీల్చే గొట్టం చివర ఇనుప జల్లెడ ఉంటుంది. ఆ జల్లెడకు ఏదో ముద్ద అంటుకుని ఉంది. తిప్పన్న దాన్ని రెండు వేళ్ళతో లాగాడు. అది పొడుగ్గా సాగుతూ వచ్చింది.

స్పిరిట్‌లో కడిగేసరికి రంగు తేలింది. నెమలికంఠం. అందులో ఒక జరీ పోగు కూడా మెరిసింది.

నూలు అయితే ఎప్పుడో కుళ్ళి మట్టయ్యేది. పట్టు కుళ్ళలేదు. చాంబర్ తుడిచినప్పుడు మూలలో మిగిలిపోయిన ఉండ నూనెతో కదిలి జల్లెడకు అడ్డం పడింది. నూనె పైకి ఎక్కలేదు. నూనె అందక ఒక బేరింగ్ కరిగిపోయి చప్పుడు చేసింది. ఇందులో శెట్టి కోపానికి పనేమీ లేదు. ఎద్దుల బండి వేగంతో తోలినా చిగిచెర్ల దగ్గరే ఆగేది. ధర్మవరంలో పట్టుతో ఇంజన్లు తుడిచే మనిషి ఒక్కడే.

తిప్పన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతడు అంతసేపు కదలకుండా కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే.

కొట్టంలో మేమిద్దరమే ఉన్నాం. "నా కొలిమి ఈ పొద్దు వెలుగుతాండాది తిప్పన్నా, దాంట్లో పడేస్తే సరి" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

అతడు వినిపించుకోలేదు. పోగులను ఒక కాగితంలో మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్తే సావుకారి నన్ను ఈడనుంచి పంపించేస్తాడు. నడిచినాక చెప్తా" అన్నాడు. స్పానర్ అందుకుంటూ, "చెయ్యి ఆడతాదిలే" అన్నాడు.

ఉగాదికి నెల మాత్రమే ఉంది. కరిగిన బేరింగ్‌కు నేను పాత ఇంజన్ బేరింగుల వైట్ మెటల్ కరిగించి పోత పోశాను. లేత్ మీద తిప్పి ఇచ్చాను. తిప్పన్న ఇరుసుకు రంగు పూసి, బేరింగ్‌ను దాని మీద పెట్టి చూసి, బేరింగ్‌కు రంగు అంటిన చోటల్లా గీకాడు. మళ్ళీ పెట్టి చూశాడు. నలభైసార్లు పెట్టి ఉంటాడు. టైర్లు అంబాసిడర్‌వి సరిపోయాయి. పెట్రోల్ పంపు కూడా ఆ బండిదే పట్టింది. బ్రేకుల రబ్బర్ల కోసం బెంగళూరు పాత సామాన్ల అంగళ్ళలో రెండు రోజులు తిరిగాడు. ఎండలు ముదిరాయి. కొట్టం రేకుల కింద పనిముట్లు చేత్తో పట్టుకోలేకపోయేవాళ్ళం. అతడు మాత్రం మధ్యలో చొక్కా జేబు తడుముకుంటూ ఉండేవాడు, కాగితం ఉందో లేదో అని.

ఒక మార్పు చూశాను. పట్టు పోగుల ఉండలన్నీ ఓబులమ్మకు తిరిగి ఇచ్చేశాడు. పాత పంచెను నాలుగు సమానమైన ముక్కలు చేశాడు. తుడిచిన ప్రతిసారీ నాలుగింటినీ మేకుకు తగిలించి, వేలితో చూపిస్తూ లెక్కపెట్టి, అప్పుడు మూత బిగించేవాడు.

ఉగాదికి రెండు రోజుల ముందు, పొద్దున పది గంటలప్పుడు హ్యాండిల్ తిప్పాడు. మొదటిసారి దగ్గింది. రెండోసారి తెల్లటి పొగ వచ్చి కొట్టమంతా ఆముదం దీపం ఆర్పిన వాసన వేసింది. మూడోసారికి అందుకుంది. చప్పుడుకు ఇంట్లోవాళ్ళు, దుకాణంలోవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. తిప్పన్న నవ్వలేదు. బానెట్ మీద చెవి పెట్టి విన్నాడు. నూనె ఒత్తిడి చూపే ముల్లును చూశాడు. మళ్ళీ చెవి పెట్టాడు. అరగంట తర్వాత బండిని మెల్లగా వీధిలోకి తెచ్చి నిలిపాడు.

సోమశేఖర్ చుట్టూ తిరిగి చూశాడు. "ఏమోనప్పా అనుకున్నా. మొత్తానికి నిలబెట్టుకున్నావు" అన్నాడు. తల్లిని పిలిచాడు. "అమ్మా, చిగిచెర్ల దాకా పోయి వస్తావా?"

అతడు హాస్యానికి అన్నాడు. కన్యకమ్మ చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని మెట్లు దిగింది.

తిప్పన్న ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీసి విప్పాడు. "ఎక్కేముందు దీన్ని చూడల్ల శెట్టెమ్మా."

"ఏందిది?"

"పట్టు. చాంబర్ లోపల జల్లెడకు చుట్టుకోని ఉన్నింది. నేను తుడిచేటప్పుడు మరిచిపోయిన పట్టు. దీనివల్లనే ఇంజన్‌కు నూనె అందలేదు. శెట్టిగారు జోరుగా తోలినందుకు కాదు. ఎంత నిదానంగా తోలినా ఆడనే ఆగిపోయుండు. నువ్వు ఎక్కినా ఆగిపోయుండు."

వీధిలో పదిమంది ఉన్నారు. అందరూ విన్నారు. సోమశేఖర్ మొహం ఎర్రబడింది. "పద్దెనిమిదేండ్లు మా నాయన కోపిష్టి, పిచ్చిగా తోలినాడు అని ఊరంతా అనె. నువ్వు విని ఊరకుంటివి."

"నాకు తెల్దు సావుకారూ. చాంబర్ విప్పినాకనే తెలిసింది. నెల అయింది. ఆ నెల దాపెట్టుకున్నది నిజమే."

కన్యకమ్మ కొడుకు వైపు చూడలేదు. పోగులను అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపింది. పట్టు వ్యాపారం ఇంట్లో నలభై ఏళ్ళు బతికిన చెయ్యి. "ఇది మన దుకాణం పట్టే" అంది. "నెమలికంఠం. ఆ ఏడు ఆయప్పే దగ్గరుండి రంగు వేయించినాడు." ఇంకా నలిపింది. "ఇంత పోగుకా?"

ఇంజన్ నడుస్తూనే ఉంది.

"ఇప్పుడు దేంతో తుడిచినావు?" అంది.

తిప్పన్న సంచిలోంచి పంచె ముక్కలు తీసి బానెట్ మీద పరిచాడు. "పాత పంచె. నాలుగు ముక్కలు. నాలుగూ ఈడ ఉండాయి."

ఆమె ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేలితో లెక్కపెట్టింది. పట్టు పోగులను కాగితంలో మడిచి కొంగున ముడి వేసుకుంది. తలుపు తీసుకుని సీట్లో కూర్చుంది. కూర్చున్నాక, "తొట్టే" అంది.

ఆ తర్వాత ఊళ్ళో మాట ఊరుకోలేదు. నెల రోజులపాటు తిప్పన్న పేరు చెప్పి నవ్వారు. ఇద్దరు ముగ్గురు రైతులు తమ ఇంజన్లు వేరేవాళ్ళకు ఇచ్చారు. వానలు వచ్చాక వాళ్ళే తిరిగి వచ్చారు. సోమశేఖర్ రెండేళ్ళు అతడితో మాట్లాడలేదు. బండికి మాత్రం ఇంటి పక్కన రేకులషెడ్డు వేయించాడు. నాకు తిప్పన్న నిలకడ పడతాడనిపించింది. పడలేదు. మర్నాడు వెళ్ళి చూసే అలవాటు చివరిదాకా పోలేదు. దానికి పంచె ముక్కలు లెక్కపెట్టడం ఇంకొకటి తోడయింది.

ఆ రోజు నేను స్పానర్ల సంచి మెడకు తగిలించుకుని రాజ్‌దూత్ మోటార్‌సైకిల్ మీద, తిప్పన్న తోలుతున్న బండి వెనకే వెళ్ళాను. దారికి రెండు వైపులా ఎండిన వేరుశనగ చేలు, ఎర్రటి దుమ్ము. కన్యకమ్మ కొంగు గాలికి వెనక్కి ఎగిరి నా మొహం దాకా వస్తుందేమో అనిపించింది. మేకలు కాసేవాళ్ళు నిలబడి చూశారు. ఆమె వాళ్ళ వైపు తిరిగి చూసింది.

చిగిచెర్ల దాటి అర మైలు వెళ్ళాక తిప్పన్న బండిని పక్కకు తీసి ఆపాడు. రాజ్‌దూత్ పడేసి దగ్గరికి పరుగెత్తాను. అతడు బానెట్ ఎత్తి వంగి చూస్తున్నాడు.

"ఏమయింది?" అంది కన్యకమ్మ.

"ఏమీ కాలేదు."

"మరి ఎందుకు నిలిపినావు?"

"ఏమీ కాలేదని చూసేదానికి."

నూనె చూసే పుల్ల బయటికి తీశాడు, పంచె ముక్కతో తుడిచాడు, ముంచి మళ్ళీ తీశాడు. నూనె గీత దాకా ఉంది. పంచె ముక్కను సంచిలో పెట్టి, మిగతా మూడింటినీ తడిమి చూసుకున్నాడు. బానెట్ వేశాడు.

"అయిందా?" అంది ఆమె.

"అయింది శెట్టెమ్మా. వెనక్కి తిప్పనా?"

ఆమె ముందున్న దారి వైపు చూసింది. "అనంతపురం ఇంకెంత దూరం?"